చూడనిది చూశానని రాయడం: ఒక గ్యాస్ టెస్టర్ కేసు

2022 వర్షాకాలంలో 31 ఏళ్ల కాంట్రాక్టు ఉద్యోగి ఒకతను, సంతకం పెట్టేటప్పుడు కుడిచెయ్యి వణుకుతోందన్న బాధతో నా దగ్గరకు వచ్చాడు. నేను విశాఖపట్నంలో ఆసిల్‌మెట్ట దగ్గర ఒక ప్రార్థనా మందిరం వెనుక గదిలో వారానికి మూడు సాయంత్రాలు కౌన్సెలింగ్ చేస్తాను. చదివింది మనస్తత్వశాస్త్రం, నమ్మింది క్రీస్తును. ఈ కేసు రాయడానికి అతనూ అతని భార్యా ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చాను, పేర్లు ఎక్కడా వాడలేదు. ఎనిమిది నెలల్లో 13 సార్లు కూర్చున్నాం. అందులో ఒక దశలో నేను ఇచ్చిన సలహా తప్పు. ఈ కేసు రాయాలనుకోవడానికి ముఖ్య కారణం అదే.

వచ్చినప్పటి స్థితి

గాజువాకలో ఒక డాక్టరు అప్పటికే రక్తపరీక్షలు చేయించారు. షుగరు, థైరాయిడు మామూలుగానే ఉన్నాయి. కడుపులో మంటకు మాత్రలు రాసి పంపారు. విచిత్రమేమిటంటే అన్నం తినేటప్పుడు గానీ, బండి నడిపేటప్పుడు గానీ, మూడేళ్ల కూతురికి జడ వేసేటప్పుడు గానీ ఆ చెయ్యి వణకదు. బ్యాంకులో సంతకం పెట్టినా వణకదు. డ్యూటీలో, పనికి అనుమతి రాసిచ్చే పర్మిట్ పుస్తకం తెరిచి, కార్బన్ కాగితం సరిచేసి, పెన్ను ఆనించినప్పుడు మాత్రమే వణుకుతుంది. నిద్ర రాత్రికి మూడు గంటలకు మించడం లేదు.

అతను చెప్పని సంగతి ఒకటి రెండో సమావేశంలో భార్య చెప్పింది. నాలుగు నెలలుగా ఇంట్లో కుటుంబ ప్రార్థన అతను నడిపించడం లేదట. అడిగితే నైట్ షిఫ్ట్ అంటాడట, షిఫ్ట్ లేని రోజున తలనొప్పి అంటాడట. ఒక ఆదివారం దానియేలు మీద వాక్యం చెబుతుండగా మధ్యలో లేచి బయటకు వెళ్లి, ఆరాధన ముగిసేదాకా చెప్పులు విడిచే చోట మెట్టు మీద కూర్చున్నాడట. ఆమె ఇది చెబుతున్నంతసేపూ అతను తల ఎత్తలేదు.

ఆ సంతకం ఏమిటి

ఇక్కడ అతని పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అతని విశ్వాసం పరీక్షకు వచ్చింది ఆ పనిలోనే. నగరానికి దక్షిణాన ఉన్న పారిశ్రామిక ప్రాంతంలో ఒక కర్మాగారానికి మనుషులను పంపే కాంట్రాక్టు సంస్థలో అతను గ్యాస్ టెస్టర్. మరమ్మతు కోసం పెద్ద ట్యాంకులు, వెసెల్సు (మూసి ఉండే పెద్ద పాత్రలు) ఖాళీ చేసినప్పుడు, లోపలికి దిగి గోకి, కడిగి, వెల్డింగు చేసేది కలాసీలు. వాళ్లు దిగేముందు గ్యాస్ టెస్టర్ మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి, అరచేతిలో పట్టే పరికరానికి బిగించిన సన్నటి గొట్టాన్ని లోపలికి వదిలి, పైన, మధ్యలో, అడుగున మూడుచోట్ల గాలిని కొలవాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే తగ్గితే మనిషిని దించకూడదు. విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది, పైన కొలిచి సరిపెట్టుకుంటే తెలియదు. నైట్రోజన్‌కు అసలు వాసనే లేదు. దానితో నింపి వదిలేసిన వెసెల్‌లోకి దిగినవాడికి ఊపిరాడడం లేదన్న సంగతి కూడా తెలియకుండానే కాళ్లు మడత పడతాయి. అప్పటికి అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్, ఇలాంటి చోటికి మనిషిని పంపేముందు అర్హత గలవాడు తానే స్వయంగా చేసిన పరీక్ష ఆధారంగా రాతపూర్వకంగా ధ్రువీకరించాలని, లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, తాడు కట్టిన బెల్టు ఉండాలని చెబుతుంది. అతని సంతకం ఆ ధ్రువీకరణే. "తానే స్వయంగా" అన్న మాటను అతను నాకు రెండుసార్లు చెప్పాడు.

మరమ్మతుల కోసం ప్లాంటు ఆపే షట్‌డౌన్ రోజుల్లో ఉదయం ఆరింటికల్లా 14 పర్మిట్లు రాయాల్సి వచ్చేది. పనిచేసే పరికరం ఒక్కటే ఉండేది. ఒక్కో వెసెల్‌కు నడకతో కలిపి పన్నెండు నిమిషాలు వేసుకున్నా, చివరి కలాసీల ముఠా దాదాపు తొమ్మిదింటిదాకా ఖాళీగా నిలబడాలి. "ముందు సంతకాలు పెట్టెయ్, తర్వాత తీరిగ్గా చూసుకో" అన్నాడు సైట్ ఇన్‌చార్జి. తీరిక దొరికిన రోజు చూశాడు, దొరకని రోజు చూడలేదు. చూడకుండా పెట్టిన సంతకాలు మార్చి నుంచి పదకొండు. చర్చి సంఘంలో ఇచ్చిన చిన్న జేబు క్యాలెండరులో ఆయా తేదీల కింద పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకున్నాడు. ఆ క్యాలెండరు తీసి బల్ల మీద పెట్టాడు. చుక్కలు ఎంత చిన్నవంటే నేను కళ్లద్దాలు తుడుచుకుని చూడాల్సి వచ్చింది.

ఆ ఇన్‌చార్జి వేరే సంఘంలో పెద్ద. ఇతనికి ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. ఇతను నసిగినప్పుడు ఆయన వాక్యంతోనే నోరు మూయించాడు: దాసులు యజమానులకు లోబడాలని పౌలు రాయలేదా బ్రదర్ అన్నాడు. రాశాడు. కానీ కొలొస్సయులకు రాసిన ఆ వచనంలోనే, మనుషులను మెప్పించడానికి కంటికి కనబడే సేవ చేయవద్దని కూడా ఉంది. సగం వచనంతో ఒత్తిడి తేవడం నేను చాలా కేసుల్లో చూశాను. వాక్యం తెలియనివాడి ఒత్తిడి కంటే అది బరువుగా ఉంటుంది, ఎందుకంటే ఎదురు చెబితే దేవునికే ఎదురు చెప్పినట్టు ఉంటుంది.

నా అంచనా

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే మనోవైద్యుడు 1990లలో ఒక మాటను ప్రచారంలోకి తెచ్చాడు. తెలుగులో నేను దాన్ని నైతిక గాయం అంటాను, తప్పని తెలిసిన పనిలో భాగమైనందుకు మనసుకు తగిలే దెబ్బ అది. భయంవల్ల కలిగే ఆందోళన రేపటి వైపు చూస్తుంది. ఈ గాయం నిన్నటి వైపు చూస్తుంది. ఇతనికి రెండూ ఉన్నాయి గానీ రెండోదే ఎక్కువ. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు వచ్చినప్పుడు అతని మేనత్త కుటుంబం నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లలో ఉంది. గ్యాస్ అన్న మాట ఈ నగరంలో ఎవరికీ పుస్తకంలో మాట కాదు, అతనికైతే అసలే కాదు.

చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. ఇలాంటి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన సంఘాల్లో భయపడతారు, అది అపోహ. లేకపోతే బాగుండునని అనిపిస్తుంది గానీ చేసుకోవాలని లేదు అన్నాడు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు పంపాను. వాళ్లు కొద్దివారాల పాటు నిద్రకు మందు ఇచ్చారు. మందు వాడితే విశ్వాసం తగ్గినట్టా అని అడిగితే, ఆ ప్రశ్నకు సమాధానం తర్వాత చెబుతానన్నాను.

చెయ్యి వణుకు పోగొట్టడాన్ని మాత్రం లక్ష్యంగా పెట్టుకోలేదు. పరీక్ష చేయకుండా పెట్టే సంతకానికి చెయ్యి వణకడం సబబే.

నేను చేసిన పొరపాటు

మూడో సమావేశంలో అతనికి బైబిల్లోని అగ్నిగుండం కథ గుర్తుచేశాను. షద్రకు, మేషాకు, అబేద్నెగో, తన ప్రతిమకు మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు కదా, ఆ "ఒకవేళ" అన్నదే విశ్వాసం అని చెప్పాను. చెప్పేటప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. అది వాక్యం బలమా, నా గొంతు మీద నాకున్న మోజా అని అప్పుడు ఆలోచించలేదు.

రెండు రోజుల తర్వాత, షిఫ్ట్ మొదట్లో జాగ్రత్తలు చెప్పడానికి జరిగే టూల్‌బాక్స్ టాక్‌లో, నలభై మంది ముందు అతను పర్మిట్ పుస్తకం నేలకేసి కొట్టి ఇన్‌చార్జితో, "ఆదివారం బల్ల దగ్గర రొట్టె విరుస్తావు, సోమవారం మనుషుల్ని గోతిలోకి తోస్తావు" అన్నాడు. అదే పూట అతన్ని స్క్రాప్ యార్డులో ఇనుప ముక్కలు లెక్కపెట్టే పనికి మార్చారు. మూడు రోజులు అతను పండగలా ఉన్నాడు, నిద్ర కూడా పట్టింది. దాచడమెందుకు, నేనూ సంతోషించాను. నాలుగో రోజున తెలిసిన సంగతేమిటంటే, అతని స్థానంలో పెట్టిన ఇరవై రెండేళ్ల కుర్రవాడు పరికరం ఎలా ఆన్ చేయాలో కూడా సరిగా తెలియకుండానే ఉదయం అయిదున్నరకే 14 సంతకాలూ పెట్టేస్తున్నాడు.

అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురికి వేరే దారి లేదు. రాజు బాజాలు మోగించి అందరి ఎదుట మొక్కమన్నాడు. ఇతనికి ఇంకా దారులు మిగిలి ఉండగా నేను దానియేలు గ్రంథం మూడో అధ్యాయం చేతికిచ్చాను. ఇవ్వాల్సింది మొదటి అధ్యాయం. అందులో దానియేలు రాజు భోజనం తిననని మనసులో నిశ్చయించుకున్న మాట నిజమే గానీ, వెంటనే చేసిన పని పళ్లెం విసిరేయడం కాదు, అధిపతి దగ్గరకు వెళ్లి మనవి చేయడం. ఆ అధిపతి తన తల పోతుందని భయపడ్డాడు. దానియేలు ఆ భయాన్ని తప్పుపట్టకుండా, తమ మీద నియమితుడైన వాడి దగ్గర పది రోజుల గడువు అడిగాడు, శాకాలూ నీళ్లూ ఇచ్చి చూడమన్నాడు.

దీనికి తోడు అతనికి ఒక కోర్టు తీర్పు సంగతి చెప్పాను. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలను బడినుంచి పంపేశారు. యెహోవాసాక్షుల కుటుంబం వాళ్లది. జాతీయగీతం పాడేటప్పుడు లేచి నిలబడతారు గానీ మతవిశ్వాసం వల్ల పాడరు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పు ఇచ్చింది. ధర్మాసనం తరఫున రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. పిల్లలు గౌరవంగా లేచి నిలబడ్డారన్న సంగతికి ఆ తీర్పులో విలువ దక్కింది. పాడకపోవడం వేరు, అవమానించడం వేరు. ఇతను కూడా సంతకం పెట్టనన్నంతవరకు బాగానే ఉంది, పుస్తకం నేలకు కొట్టకుండా ఉండాల్సింది. "అంటే నేను తగ్గాలా అయ్యగారూ?" అన్నాడు. సంతకం విషయంలో తగ్గొద్దు, అన్న మాట విషయంలో తగ్గాలి అన్నాను. ఇన్‌చార్జి దగ్గరకు వెళ్లి అన్న మాటకు మాత్రం క్షమాపణ చెప్పి రావడానికి అతనికి పదకొండు రోజులు పట్టింది.

గీత గీయడం

తర్వాతి నాలుగు సమావేశాలు దాదాపుగా ఒక్క వాక్యం కోసం ఖర్చయ్యాయి. మొదట అతను రాసుకొచ్చిన జాబితాలో అబద్ధం ఆడను, అవినీతిపరులతో కలవను, ఆదివారం డ్యూటీ చేయను, బూతు జోకులకు నవ్వను, ఇన్‌చార్జికి లొంగను అని చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని నమ్మకాలు, కొన్ని కోపాలు, ఒకటి రెండు అలవాట్లు. ఒక్కొక్కదానికీ, దీనికోసం ఉద్యోగం పోయినా ఫర్వాలేదా అని అడుగుతూ పోయాను. ఆదివారం డ్యూటీ దగ్గర చాలాసేపు ఆగాం. ప్లాంటు ఆదివారం ఆగదు గదా, సాయంత్రం ఆరాధనకు వెళ్లవచ్చు అని తానే అన్నాడు. చివరికి "నేను చూడనిది చూశానని రాయను" అన్న ఒక్క వాక్యం మిగిలింది. పది ఆజ్ఞల్లో అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ, అతని బల్ల మీదకు వచ్చేసరికి తీసుకున్న రూపం ఇది.

ఇలాంటి గీతకు ఉన్న ఇబ్బంది ఒకటి ఈ ఊళ్లో బాగా కనబడుతుంది. కార్తీకమాసం వచ్చేసరికి అదే సైట్‌లో పది పన్నెండు మంది అయ్యప్ప మాల వేస్తారు. 41 రోజులు వాళ్లను ఎవరూ మందుకు పిలవరు, బూతు మాట్లాడరు, ఇన్‌చార్జి కూడా స్వామీ అనే పిలుస్తాడు. నల్లబట్టలు, మెడలో మాల చూసి చుట్టూ ఉన్నవాళ్లే ఆ దీక్షను కాపాడతారు. తప్పుడు సంతకం పెట్టనన్న దీక్షకు బట్ట లేదు, మాల లేదు, మండలం పూర్తయ్యే రోజూ లేదు. తోటివాళ్లకు అది చాదస్తంగానో, పొగరుగానో కనబడుతుంది. అందుకే ఆ వాక్యాన్ని కనీసం ఇద్దరికి ముందే చెప్పి ఉంచమన్నాను. ఒకరు భార్య. రెండోవాడిగా అతను ఎంచుకున్నది ఒక మాలధారినే, సింహాచలం అప్పన్న మీద ఒట్టు వేస్తే తప్పని ముసలి ఫిట్టర్‌ను.

ఆ ఫిట్టర్ సాయంతోనే అసలు లెక్క బయటపడింది. 14 పర్మిట్లలో ఆరు మాత్రమే తెల్లవారగానే మొదలయ్యే పనులు. మిగతా ఎనిమిదింటికి పరంజా కట్టడం, గొట్టాలు విప్పడం ముందు జరగాలి గనుక తొమ్మిదిదాకా లోపలికి దిగేవాళ్లే ఉండరు. స్టోరులో రెండో పరికరం ఉంది, దాని కొలతలు సరిచూడాల్సిన కాలిబ్రేషన్ గడువు దాటి మూలపడింది. ఇన్‌చార్జికి కూడా ఒక భయం ఉంది. షట్‌డౌన్ ఒక రోజు పెరిగితే బిల్లులో కోత పడుతుంది, ఆ కోతకు జవాబు చెప్పాల్సింది ఆయనే. ఇవన్నీ ఒక అరపేజీలో రాసి, పది రోజులు ఇలా చేసి చూద్దాం సార్ అని అతను అడిగాడు. అప్పటికి ఆ కుర్రవాడి రాతల్లో తప్పులు దొర్లి సేఫ్టీవాళ్లతో తిట్లు తిన్న ఇన్‌చార్జి ఒప్పుకున్నాడు.

పది రోజులు

ఆ పది రోజులూ ప్రతి వెసెల్ కొలిచాడు. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. పనులు ఎక్కడా ఆగలేదు.

ఈ కథను సంఘంలో సాక్ష్యంగా చెప్పేవాళ్లు ఎవరైనా ఈపాటికి, ఏడో రోజున ఒక ట్యాంకులో విషవాయువు దొరికిందని, పది మంది ప్రాణాలు నిలిచాయని చెప్పాలని ఆశపడతారు. అలాంటిదేమీ జరగలేదు. పది రోజులూ అన్ని అంకెలూ మామూలుగానే వచ్చాయి. పదకొండో రోజు ఇన్‌చార్జి, "చూశావుగా, ఏమీ లేదు. ఇన్నాళ్లూ లేనిదాన్నే వెతికావు" అన్నాడు. రెండో పరికరం స్టోరుకు తిరిగి వెళ్లింది. నెలాఖరు ముందు మూడు రోజులు మళ్లీ ముందస్తు సంతకాలు అడిగారు. అతను గొంతు పెంచకుండా, కొలిచిన వాటికి పెట్టి, కొలవని వాటి కాగితాలు ఖాళీగా వెనక్కి ఇచ్చాడు. ఒకటో తారీఖున గేట్ పాస్ రెన్యూ కాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు.

తర్వాత

ఉద్యోగం లేని ఏడు వారాలు నా నోట్సులో ఎక్కువ పేజీలు తీసుకున్నాయి. జీతం 19,000 ఆగిపోయింది. బండి వాయిదా, తల్లి పేరున డ్వాక్రా అప్పు, ఇంటద్దె ఆగలేదు. భార్య గాజులు తాకట్టుకు వెళ్లాయి. అత్తగారు, "దేవుడు సంతకం పెట్టొద్దన్నాడు సరే, అద్దె కట్టొద్దన్నాడా" అంది. అనకూడని మాటేమీ కాదది.

అందరికంటే గట్టి ప్రశ్న భార్యది. ఆమె సండే స్కూల్లో పాఠాలు చెబుతుంది. ఓబద్యా దుష్టరాజు అహాబు ఇంట్లోనే ఉద్యోగం చేశాడు కదా అయ్యగారూ, లోపల ఉండబట్టే నూరుమంది ప్రవక్తలను యాభైమంది చొప్పున గుహల్లో దాచి అన్నం పెట్టగలిగాడు కదా, ఈయన కూడా లోపలే ఉండి వీలైనన్ని కొలిచి ఉంటే ఆ కలాసీలకు మేలు జరిగేది కాదా అంది. దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. చాలాసేపు ఆలోచించి, ఓబద్యాను తన చేత్తో, ప్రవక్తలను చంపించిన రాణి యెజెబెలు ఆజ్ఞ మీద ముద్ర వేయమని అడిగినట్టు గ్రంథంలో లేదు, ఈయనను అడిగారు, తేడా అక్కడే అన్నాను. ఆమె తల ఊపింది గానీ ఒప్పుకుందని చెప్పలేను. నాకూ పూర్తిగా తృప్తి కలగలేదు.

ఈ దశలో అతనికి ధైర్యవచనాలు చెప్పడం పూర్తిగా మానేశాను. కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా ప్రవక్త ఆ తర్వాత కొద్దికాలానికే బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకుంటే, దేవదూత వచ్చి మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి, మళ్లీ నిద్రపోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. మందు గురించి మొదట్లో అతను అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇదే అని అప్పుడు చెప్పాను. మిగిలిందంతా చిన్న పనులు: రాత్రి పదింటికి ఫోను పక్కన పెట్టడం, ఉదయం పిల్లను అంగన్‌వాడీలో దింపడం, వారానికి మూడు చోట్ల పని అడగడం. సంఘం వాళ్లు రెండు నెలల బియ్యం పంపారు; తీసుకోవడానికి సిగ్గుపడ్డాడు, తీసుకున్నాడు. ఎనిమిదో వారంలో ఆటోనగర్‌లో మంటలార్పే సిలిండర్లు నింపి తనిఖీ చేసే చిన్న దుకాణంలో 13,000కు పని దొరికింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. గాజులు ఇంకా విడిపించలేదు.

పదకొండు చుక్కలు

చివరి రెండు సమావేశాలకు అతను మళ్లీ ఆ జేబు క్యాలెండరు తెచ్చాడు. దేవుని ముందు ఒప్పుకున్నాను, క్షమాపణ దొరికిందని నమ్ముతున్నాను, కానీ ఆ పదకొండుసార్లు లోపలికి దిగింది దేవుడు కాదు కదా అన్నాడు. పేతురు యేసును ఎరుగనని బొంకిన తర్వాత ఏడ్చాడని మనం తరచూ చెబుతాం. ఎవరికి నష్టం జరగబోయిందో వాళ్ల ముఖం చూడడం గురించి అంతగా చెప్పం. వెళ్లమని నేను చెప్పలేదు, వద్దనీ అనలేదు.

ఒక ఆదివారం సాయంత్రం అతను పాత గాజువాక దగ్గర టీకొట్టులో ఆ ముఠాలోని ఇద్దరిని కలిశాడు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చినవాళ్లు, అందులో పెద్దవాడికి యాభై దాటి ఉంటాయి. తాను చూడకుండా సంతకాలు పెట్టిన సంగతి, తేదీలతో సహా, వాళ్లకు చెప్పాడు. కొట్టినా పడదామనుకుని వెళ్లాడట.

పెద్దవాడు టీ ఊదుకుంటూ, "మాకు తెల్దేటి బావూ. ఆ రోజుల్లో నీ సేతిలో డబ్బా నేదు గదా" అన్నాడట.

తెలిసీ ఎందుకు దిగారని ఇతను అడగలేదు. ఆ ప్రశ్న తనను తాను అడుక్కోవలసిందేనని అనిపించిందన్నాడు. కాసేపటికి ఆ పెద్దవాడే, ఇప్పుడొస్తున్న కుర్రోడు కూడా డబ్బా తేవడం లేదని, ఆ డబ్బా ఒకటి కొనుక్కోవాలంటే ఎంతవుతుందని అడిగాడట. ధర చెబితే నవ్వి గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం ఇతను నా ముందు రెండుసార్లు చెప్పాడు: డబ్బా లేకుండా, దిగేముందు మనిషి తానుగా చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా అని. వాసనను నమ్మొద్దు, ఒక్కడే దిగొద్దు, నడుముకు తాడు కట్టుకుని పైన ఒకణ్ణి పెట్టుకో, లోపల పడిపోయినవాడి కోసం ఊరికే దూకొద్దు అని చెప్పి, టీకొట్టు బల్ల మీద నీటి తడితో వెసెల్ బొమ్మ గీసి, బరువైన గ్యాస్ ఎక్కడ నిలబడుతుందో చూపించాడట. ఇప్పుడు నెలకో ఆదివారం అక్కడికి వెళ్తున్నాడు. పోయినసారి తొమ్మిది మంది వచ్చారు.